ఆల్‌ఫ్రెడ్ నోబెల్ చరిత్రము

శాంతి బహుమానము నేర్పరచిన దాతగా నోబెలు పేరు మన పాఠశాలలోని చిన్న బాలురు సైతము నెరుగుదురు. ఆ బహుమానమునకు మూలధన మెచ్చటినుండి వచ్చెనో యెరిగినవారు కొందరే. అది తెలిసికొనదగిన విషయము.

ఆల్‌ఫ్రెడ్ నోబెలు 1833వ సంవత్సరము అక్టోబరు 21వ తేదీన స్వీడను రాజధానియగు స్టాక్‌హోములో జన్మించెను. తండ్రి ఇమ్మానుయేలు యంత్రశిల్పి. ఆయన స్వదేశమున అప్పులపాలై రష్యాకు పోయి, సెంటుపీటర్సుబర్గులో కర్మాగారమును స్థాపించి, శత్రునౌకలను భేదించు మందుపాతరలను జారు ప్రభుత్వమునకు చేసి యిచ్చెను. 1853లో క్రిమియా యుద్ధ మారంభము కాగా ఆ కర్మాగారమునకు చేతినిండ పని దొరకెను. 1856లో సంధి కుదిరెను. సంధి లోకమునకు మేలు. ఆ కర్మాగారమునకు మాత్రము చేటు. ప్రభుత్వము కొనుగోళ్లు మానుకొనగా, 1859 నాటికి అది అప్పులవారి వశమయ్యెను. యుద్ధమును నమ్ముకొని బ్రదుకు సంస్థకు శాంతియే కరవుకాలము.

ఆల్‌ఫ్రెడ్ స్వదేశమునకు మరలి, నైట్రోగ్లిజరిన్ అను ప్రేలుడు ద్రవమును లోబరచుకొన యత్నించెను. 1864లో ప్రేలుడు సంభవించి తమ్ముడు ఎమీలును మరికొందరును మరణించిరి. అయినను వెనుదీయక, ఆ ద్రవమును ఒక విధమగు మన్నులో నింకించి 1867లో డైనమైటును సిద్ధపరచెను. దానితో కొండలు తొలచిరి, గనులు త్రవ్విరి. 1870లో ప్రష్యాకును ఫ్రాన్సుకును జరిగిన యుద్ధమునను దానిని వాడిరి.

1887లో ఆయన పొగరాని తుపాకిమందును కనిపెట్టెను. ఫ్రాన్సు వలదనగా దానిని ఇటలీకి అమ్మెను. పారిసులో నివసించుచు పొరుగు రాజ్యమునకు మందు నమ్మినాడని ఫ్రెంచివా రాగ్రహింపగా, 1891లో ఇటలీలోని సాన్‌రెమోకు తరలిపోయెను. 1894లో స్వీడనులోని బోఫోర్సు ఫిరంగుల కర్మాగారమును కొనెను.

ఇట్టివానికి బెర్తా ఫాన్ సుట్నరు అను ఆస్ట్రియా విదుషీమణి స్నేహితురాలు. ఆమె 1889లో యుద్ధమును నిరసించు నవలను ప్రకటించి ప్రసిద్ధి గాంచెను. ఆమె యుద్యమమునకు నోబెలు ధనసహాయము చేసెను. ఆయుధములు మిక్కిలి భయంకరములైనచో రాజ్యములు యుద్ధమునకే జంకునని ఆయన తలంచెను. ఆ తలంపు పొరపాటని 1914 నాటి మహాయుద్ధము చూపెను.

1895 నవంబరు 27వ తేదీన ఆయన మరణశాసనము వ్రాసి, మరుసటి సంవత్సరము డిసెంబరు 10వ తేదీన దివంగతుడయ్యెను. 3 కోట్ల 10 లక్షల క్రోనులకు పైబడిన ధనముతో నిధి యేర్పడి, 1901 నుండి బహుమానము లిచ్చుచున్నారు. 1905లో శాంతి బహుమానము సుట్నరమ్మకే లభించెను.

దాత మరణించెను గాని కర్మాగారము మరణింపలేదు. రెండవ ప్రపంచ యుద్ధమున బోఫోర్సు ఫిరంగులను ఉభయపక్షములవారును ప్రయోగించిరి. 1986లో మన భారత ప్రభుత్వమును ఆ సంస్థనుండి 410 ఫిరంగులు కొనుటకు ఒడంబడిక చేసికొనెను.

విద్యార్థులారా! దానమును మెచ్చుకొనుడు, ధనము వచ్చిన త్రోవను కూడ విచారింపుడు. ఒక మనుష్యుని మనస్సు మారవచ్చును. వేలమంది కూలియు, వాటాదారుల లాభమును యుద్ధముతో ముడివడిన సంస్థ యొక్కని మనస్సుతో మారదు. కావున శాంతిని కోరువారు సంధితో తృప్తిపడక, యుద్ధమువలన బ్రదుకువారికి వేరొక జీవనోపాయమును కూడ చూపవలసియున్నది.