స్నేహితులను కోరిన బిషప్ అజరయ్య గారు

బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారి పేరు ఎత్తగానే మన పెద్దలు ఎద్దుబండి ప్రయాణములను, దోర్నకల్‌లోని గొప్ప దేవాలయమును తలచుకొనేవారు. అవన్నీ తలచుకోదగినవే. అయితే ఈ శతవార్షిక సంచికలో మేము ముందుగా జ్ఞాపకము చేసుకోదలచినది, ఆయన పరదేశములో చేసిన ఒక విన్నపము.

ఆయన 1874లో తిరునెల్వేలి సీమలోని వెల్లాలన్‌విలై గ్రామములో, ఒక పల్లె గురువు గారి ఇంట జన్మించారు. నాడార్ కులస్థులు. పై కులములవారు దూరముగా నిలువుమని చెప్పిన ప్రజలలో పుట్టినవాడు గనుక దూరము అంటే ఏమిటో ఆయనకు ఒకరు చెప్పనక్కరలేదు. మద్రాసులో చదివి, వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా పనిచేశారు. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు తమ స్వంత కానుకలతోనే సువార్తికులను పంపుటకు ఒక మిషనెరీ సంఘమును స్థాపించినప్పుడు ముందు నిలిచినవారిలో ఆయన ఒకరు. ఇతరులను పంపి తాను ఇంట కూర్చోలేక, 1909లో ఉద్యోగము వదలి, నైజాము రాజ్యములోని దోర్నకల్‌కు వచ్చారు. తమిళుడు, ముప్పై నాలుగైదు ఏండ్ల వయస్సులో తెలుగు నేర్చుకొని మన పల్లెలలో బోధించారు!

మరుసటి సంవత్సరము, 1910లో, ఎడింబరోలో ప్రపంచ మిషనెరీ మహాసభ జరిగింది. సుమారు 1200 మంది ప్రతినిధులలో ఆసియావారు ఇరవైమందికి మించరు. అక్కడ అజరయ్య గారు మిషనెరీల త్యాగమునకు కృతజ్ఞత తెలిపి, ఆ వెంటనే వారి లోపమును కూడా చెప్పారు. జీతమిచ్చి పని చేయించుకొనేవారు ఉన్నారు గాని, ఇంటికి పిలిచి ప్రక్కన కూర్చుండబెట్టుకొనేవారు అరుదు. ధనము కాదు, ప్రాణత్యాగము కూడా కాదు, స్నేహము కావాలని ఆయన అడిగారు. సభలో కొందరికి కోపము వచ్చింది. అన్నము పెట్టే చేతిని తప్పు పట్టుట అంత సులభము కాదు గదా.

రెండేండ్లకు, 1912 డిసెంబరు 29న, కలకత్తాలో ఆయనకు బిషప్ అభిషేకము జరిగింది. ఆంగ్లికన్ సంఘములో భారతీయుడు బిషప్ అగుట అదే మొదలు. మద్రాసు బిషప్ వైట్‌హెడ్ గారు పట్టుబట్టి దీనిని సాధించారు. కొందరు మిషనెరీలు, కొందరు స్వదేశ క్రైస్తవులు సైతము అడ్డుచెప్పారు. స్వజనుల అభ్యంతరమే ఎక్కువ బాధించి ఉండవచ్చునని మాకు తోచుచున్నది. తరువాత 1920 ప్రాంతములో అధ్యక్ష మండలము విస్తరించగా, ఆంగ్లేయ మిషనెరీలే ఆయన అధికారము క్రిందికి వచ్చారు. లెక్క తీర్చుకొనుటకు అంతకన్న మంచి సమయము ఉండదు. ఆయన వారితో కలిసి పనిచేశారు. 1919 నుండి సంఘ ఐక్యత కొరకు జరిగిన సుదీర్ఘ చర్చలలోనూ ఆయన తెల్లవారి ప్రక్కనే కూర్చున్నారు.

తాను అడిగిన స్నేహము తన పల్లెలలో కూడా కనబడవలసి ఉంది. సంఘములోనికి వచ్చినవారిలో అధికులు మాలలు, మాదిగలు. ఒకరింట ఒకరు నీళ్లు ముట్టనివారు ఒకే పాత్రలోనుండి ప్రభురాత్రి భోజనము తీసుకొనవలెను. మిషనెరీ బల్లను గూర్చి ఎడింబరోలో అడిగిన ప్రశ్నయే ఇక్కడ మన బల్లలను గూర్చి లేచింది. గుడిలో కలిసినవారు పెండ్లి విందులో వేరు పంక్తులు చూచుకొనుట మేమును చూచినదే. ఆ పంక్తులలో మేమును కూర్చున్నవారమే.

బీదలు పుచ్చుకొనుటకే పుట్టలేదని కూడా ఆయన నమ్మారు. దేవుడు పోషించునని నమ్మినవాడు తనకున్న కొంచెములోనుండి ఇవ్వగలడని బోధించి, క్రైస్తవ దాతృత్వమును గూర్చి ఒక పుస్తకమే వ్రాశారు. కూలినాలి చేసుకొను స్త్రీలు వంటకు ముందు గుప్పెడు బియ్యము తీసి ఉంచే అలవాటు మన ఇండ్లలో ఎరుగనిది కాదు. బాప్తిస్మము పొందినవారు తమ తలమీద చెయ్యి పెట్టుకొని, సువార్త ప్రకటించకపోతే తమకు శ్రమయని పలికేటట్లు ఆయన చేసేవారు. నిన్నటివరకు ఊరి వెలుపల నిలిచినవానికి ఆ మాట ఎంత గౌరవమో!

దోర్నకల్ ఎపిఫనీ దేవాలయము ఏండ్ల తరబడి కట్టబడి 1939లో ప్రతిష్ఠించబడింది. మసీదు గుమ్మటములను, హిందూ ఆలయ స్తంభములను తలపించే ఆ కట్టడములో మన నేల రూపము ఉంది. 1945 జనవరి 1న ఆయన దోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించారు. ఆయన కోరిన దక్షిణ ఇండియా ఐక్య సంఘము 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడినప్పుడు, చూచుటకు ఆయన లేరు.