కనుబొమ్మలు మొలిపించిన డాక్టరు దొరగారు

కోవిల్‌పట్టి, విరుదునగర్ వైపు స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు రాయవేలూరు మిషను ఆసుపత్రి తెలియనిది కాదు. అక్కడ చాలా ఏళ్లు సేవచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ గారిని గూర్చి ఈ నాలుగు మాటలు.

ఆయన 1914లో కొల్లిమలై కొండల్లో బాప్టిస్టు మిషనెరీ దంపతులకు జన్మించారు. తొమ్మిదో ఏట చదువుకని ఇంగ్లండు పంపారు. 1929లో తండ్రి జెస్సీ బ్రాండ్ గారు జ్వరంతో కొండల మీదే చనిపోయారు. కుమారుడు ఆయన్ను మరల చూడనేలేదు. పాల్ గారు మొదట నేర్చింది వైద్యం కాదు, ఇళ్లు కట్టే పని, వడ్రంగం. డాక్టరై 1946లో రాయవేలూరు వచ్చారు.

మరుసటి ఏడు చెంగల్పట్టు కుష్ఠు ఆశ్రమంలో వంకరపోయిన చేతులు చూశారు. కుష్ఠు రోగి శరీరాన్ని కోస్తే గాయం మానదని ఆనాడు డాక్టర్లు కూడా నమ్మేవారు. ఈయన కోసి, మాన్పి చూపించారు. స్పర్శ లేక తెలియకుండా తగిలే దెబ్బలే వేళ్లను తినేస్తున్నాయని కూడా తేల్చారు.

చేతులు బాగైనా ముఖాన గుర్తు మిగిలేది. కనుబొమ్మలు రాలిపోయిన మనిషికి, జబ్బు నయమైనా, పని ఎవరిస్తారు? అందుకని తలమీది చర్మపు ముక్కను దాని రక్తనాళంతో సహా విడదీసి, కణత చర్మం కిందుగా లాగి, కంటిపైన కుట్టేవారు. దీన్ని ఫ్లాప్ అంటారు. మల్లెతీగకు నేలంటు కట్టినట్టే, తల్లి నుండి పోషణ తెగదు. నుదుటి చర్మాన్ని ఇలా మలిచి ముక్కు కట్టడం మన దేశపు పాత విద్యే. 1794లో లండన్ పత్రిక అచ్చువేశాకనే దొరలకు తెలిసింది! తల వెంట్రుకలు కనుక కొత్త కనుబొమ్మలు పెరుగుతూనే ఉండేవి. కొందరు మురిసిపోయి కత్తిరించుకొనేవారు కారట.

రెప్ప మూతపడని కన్ను ఎండి, పుండై, చూపు పోతుంది. చేతికి స్పర్శ లేనివాడికి కళ్లూ పోతే ఇక దిక్కేమిటి? అట్టివారికి కణత దగ్గరి నమిలే కండరంలో ఒక పాయను రెప్పలకు కలిపేవారు. దవడ బిగిస్తే కన్ను మూసుకొంటుంది. భోజనం చేసేటప్పుడు కళ్లు వాటంతటవే ఆర్పుకొనేవి. కంటి డాక్టరైన భార్య మార్గరెట్ దొరసానిగారు ఈ కళ్ల సేవలో ఆయనకు తోడు.

1966లో ఆయన అమెరికాలోని కార్విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్లారు, 2003లో మరణించారు. తల్లి ఎవెలిన్ గారు మాత్రం ముసలితనంలోనూ కొండ ప్రజలను విడువక, 1974లో కన్నుమూశారు.