పిడుగు జాడ పసిగట్టిన పోపోవ్

వానాకాలం వచ్చిందంటే మన ఊళ్ళలో పొలం పనికి పోయేవారికి, గొర్రెలు కాసేవారికి పిడుగు భయం. ఉరుము మహా అయితే పదిహేను, ఇరవై కిలోమీటర్ల వరకే వినిపిస్తుంది. అది చెవిన పడేసరికే మేఘం దగ్గరకు వచ్చేసి ఉంటుంది. అంతకంటే ముందే దాని రాకను తెలిపే యంత్రాన్ని తయారుచేసిన శాస్త్రవేత్త అలెగ్జాండర్ పోపోవ్.

ఆయన 1859 మార్చి 16న రష్యాలోని యూరల్ పర్వత ప్రాంతంలో, గనులున్న ఒక చిన్న ఊరిలో జన్మించారు. తండ్రి చర్చిలో పూజారి. ఏడుగురు పిల్లల సంసారం. అందుకే ఫీజు లేని మత పాఠశాలల్లో చదివారు. సెయింట్ పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో చేరాక ట్యూషన్లు చెబుతూ, విద్యుత్ కంపెనీలో పనిచేస్తూ ఖర్చులు వెళ్ళదీసుకున్నారు. 1882లో చదువు ముగించి, మరుసటి ఏడాది క్రోన్‌స్టాట్‌లోని నౌకాదళ పాఠశాలలో అధ్యాపకులయ్యారు.

మెరుపు మెరిసినప్పుడు వెలుగుతోపాటు రేడియో తరంగాలు కూడా పుడతాయి. గాజు గొట్టంలో పోసిన లోహపు రజను ఈ తరంగం తగలగానే అతుక్కుని కరెంటును పోనిస్తుందని అప్పటికే తెలుసు. అయితే మళ్ళీ పనిచేయాలంటే ప్రతిసారీ గొట్టాన్ని తట్టాలి. పోపోవ్ దానికి ఒక విద్యుత్ గంటను కలిపారు. తరంగం రాగానే గంట మోగుతుంది. ఆ గంట సుత్తే వెనక్కి వచ్చి గొట్టాన్ని తట్టి, రజనును విడదీస్తుంది. 1895 మే 7న ఈ యంత్రాన్ని శాస్త్రవేత్తల సభలో ప్రదర్శించారు. ఆ వేసవిలోనే ఒక అటవీ విద్యాసంస్థలోని వాతావరణ కేంద్రంలో అమర్చగా, సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని మెరుపులను సైతం కాగితంపై గీతలుగా నమోదు చేసింది.

1900లో ఆయన సముద్రంలోని ఒక దీవికి రేడియో సంబంధం ఏర్పరిచారు. మంచుగడ్డపై కొట్టుకుపోతున్న జాలరులను ఆ వార్త కాపాడింది. 1905లో ఒక విద్యాసంస్థకు డైరెక్టరయ్యారు. విద్యార్థుల సభలను అణచమని ప్రభుత్వం ఒత్తిడి చేసినా ఒప్పుకోలేదు. ఆ ఆందోళనలోనే మెదడులో రక్తస్రావమై, 1906 జనవరి 13న 46 ఏళ్ళకే కన్నుమూశారు.

పోపోవ్ యంత్రం మెరుపు ఉందని చెప్పేదే గాని, ఎక్కడుందో చెప్పలేకపోయేది. ఆ లోటును తర్వాతివారు తీర్చారు. ఒకే మెరుపు తరంగం వేర్వేరు కేంద్రాలకు చేరిన సమయాల్లో తేడాను బట్టి అది పుట్టిన చోటును లెక్కగడతారు. మన హబ్సిగూడలోని ఎన్.జి.ఆర్.ఐ. శాస్త్రవేత్తలు భూకంప కేంద్రాన్ని గుర్తించే పద్ధతి కూడా ఇలాంటిదే. కాకపోతే అక్కడ వినేది ఆకాశాన్ని కాదు, భూమిని. నేడు పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ రూపొందించిన దామిని యాప్ పిడుగు హెచ్చరికలను ఫోనుకే అందిస్తోంది.

మిత్రులారా! సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఈ సంగతి అమ్మానాన్నలకు చెప్పండి. ఉరిమితే చెట్టు కిందకు కాక, పక్కా ఇంట్లోకి వెళ్ళమనండి. ఫీజు లేని బడిలో చదివిన ఒక పిల్లవాడి విద్య ఇన్ని ప్రాణాలకు అండ అయింది. మన చదువూ అలాగే ఎవరికో అక్కరకు రావాలి.