ముసాఫిర్ జబ్బు పడితే: ఇబ్నె బతూతా జీవితంలో కొన్ని ఘట్టాలు



ఇబ్నె బతూతా పేరు వినని ఉర్దూ మీడియం విద్యార్థి ఉండడు. ఎన్ని మైళ్ళు తిరిగినారని అడిగితే సుమారు 75,000 అని పిల్లలు టక్కున చెప్పేస్తారు. ఆ దారిలో ఆయన ఎన్నిసార్లు మంచం పట్టినారో, అప్పుడు గుక్కెడు నీళ్ళు పోసినదెవరో మాత్రం మనం అడగము. ఈ సావనీరులో ఆ సంగతే వ్రాయదలచినాము. మన ఇళ్ళ పిల్లలెందరో ఖతర్, కువైట్, సౌదీలలో పని చేసుకుంటున్నారు గనుక ఇది మనకు దూరపు ముచ్చట కాదు.

ఆయన 1304లో మొరాకోలోని టాంజియర్‌లో ఖాజీల కుటుంబంలో పుట్టినారు. 1325 జూన్‌లో, ఇరవై ఒక్క ఏళ్ళ వయసులో, తల్లిదండ్రులను విడిచి హజ్ కోసం ఒంటరిగా బయలుదేరినారు. మొదటి దెబ్బ అల్జీరియాలోనే తగిలింది. బిజాయా పట్టణంలో జ్వరం వచ్చింది. తగ్గేదాకా ఆగమని తోటివారు చెప్పినా వినలేదు. చావు రాసి ఉంటే హిజాజ్ దారిలోనే రానిమ్మన్నారు. గాడిదను, బరువు సామానును అమ్మేసి, పడిపోకుండా తలపాగా గుడ్డతో తన్ను తాను జీనుకు కట్టుకుని ప్రయాణం చేసినారు. ట్యూనిస్ చేరినప్పుడు ఊరివారు ఎదురొచ్చి ఒకరినొకరు పలకరించుకున్నారు గానీ ఈయనను పలకరించినవారు లేరు. ఏడుపు ఆగలేదు. ఒక హాజీ గమనించి దగ్గరికి వచ్చి మాట కలిపి ఊరడించినారు.

ఇక ఆసియాకు వస్తాము. 1326 రంజాన్‌లో డమాస్కస్ చేరినారు. అక్కడ నూరుద్దీన్ సఖావీ అనే మాలికీ ఉస్తాద్ ఇఫ్తార్‌కు తన ఇంటికి పిలిచేవారు. నాలుగు రాత్రులు వెళ్ళినాక జ్వరం పట్టుకుంది, వెళ్ళలేదు. మనమైతే ఏమనుకుంటాము? ముసాఫిర్ కదా, ఎటో పోయి ఉంటాడులే అనుకుంటాము. ఆ ఉస్తాద్ అలా అనుకోలేదు, మనిషిని పంపి వెతికించినారు. జబ్బని చెప్పినా ఒప్పుకోక ఇంటికి రప్పించుకున్నారు. మర్నాడు పోతానంటే పోనివ్వలేదు. ఈ ఇల్లు నీ తండ్రిదో, అన్నదో అనుకొమ్మన్నారు. హకీమును పిలిపించి, ఆయన చెప్పిన పథ్యమే ఇంట్లో వండించినారు. ఈద్ వరకు అలా గడిచింది. చేతిలో డబ్బు అయిపోయిందని తెలిసి, హజ్ కాఫిలాతో పోవడానికి ఒంటెలను కిరాయికి మాట్లాడి, దారి ఖర్చు కూడా ఇచ్చి పంపినారు. ఎవరు ఎవరికి చుట్టం చెప్పండి?

మరుసటి ఏడు ఇరాక్ నుంచి మక్కాకు పోతూ విరేచనాలు పట్టుకున్నాయి. రోజుకు ఎన్నోసార్లు ఒంటె మీది నుంచి దించవలసి వచ్చేది. కాఫిలా అమీరు మాటిమాటికీ కబురు కనుక్కుంటూ వచ్చినారు.

1333లో సింధు నది దాటి హిందూస్తాన్‌లో అడుగు పెట్టినారు. ఢిల్లీలో సుల్తాన్ ముహమ్మద్ బిన్ తుగ్లక్ ఆయనను ఖాజీగా నియమించినారు. జీతం సంవత్సరానికి 12,000 దీనార్లు. గొప్ప కొలువే. కానీ ఢిల్లీ చేరిన కొద్ది వారాలకే ఏడాది నిండని కూతురు చనిపోయింది. 1341లో సుల్తాన్ ఆయనను చైనాకు రాయబారిగా పంపినారు. అలీగఢ్ దగ్గర దొంగల చేతికి చిక్కి, తప్పించుకుని, రోజుల తరబడి తిండి లేక సొమ్మసిల్లితే ఎవరో ఒక నల్లని మనిషి వేయించిన శనగలు పెట్టి, భుజాన ఎత్తుకుని ఊరు చేర్చినాడు. కాలికట్ దగ్గర తుఫానులో ఓడ పోయింది. ఢిల్లీకి తిరిగి పోవడానికి సుల్తాన్ కోపమంటే భయం. అలా మాల్దీవులకు పోయి అక్కడ కూడా ఖాజీ అయినారు. ఆ దీవులకు వచ్చిన ప్రతి పరదేశికీ జ్వరం తప్పదని వ్రాసినారు, తనకూ వచ్చిందట.

అసలు గండం మన దక్షిణాదిలోనే గడిచింది. 1344 ప్రాంతంలో మధురై చేరేసరికి అక్కడ మహమ్మారి నడుస్తోంది. సోకినవారు రెండో రోజో, మూడో రోజో, మహా అయితే నాలుగో రోజో పోతున్నారు. ఇంట్లోంచి కాలు బయట పెడితే రోగి గానీ శవం గానీ కనిపించేది. ఆరోగ్యంగా ఉన్నదని చెప్పగా ఒక బాందీని కొన్నారు, మర్నాడే ఆమె పోయింది. ఆమె పేరు ఆయన వ్రాయలేదు. ఎన్నో ఊళ్ళ పేర్లు, అమీర్ల పేర్లు గుర్తుపెట్టుకున్న మనిషి ఈ ఒక్క పేరు కూడా వ్రాసి ఉంటే బాగుండేదని మాకు అనిపిస్తుంది. సుల్తాన్ కొడుకు, తల్లి, చివరకు సుల్తాన్ గియాసుద్దీన్ కూడా కన్నుమూసినారు.

తర్వాత ఆయనకే జ్వరం వచ్చింది. ఇక ఆఖరేనని అనుకున్నారు. అప్పుడు అల్లాహ్ మనసులో వేసిన ఆలోచన ఏమిటో తెలుసా? చింతపండు! ఆ ప్రాంతంలో దానికి కరువు లేదు. సుమారు అర కిలో చింతపండు నీళ్ళలో కలిపి తాగేసినారు. మూడు రోజులు విరేచనాలై జ్వరం దిగిపోయింది. మన ఆడవాళ్ళు రోజూ పులుసులో పిసికే ఆ పండునే అరబ్బులు తమర్ హిందీ అంటారు, అంటే హిందూస్తాన్ ఖర్జూరం. యునానీ హకీములు సఫ్రా తగ్గడానికి, మలబద్ధకానికి దీనిని వాడతారు. అయితే జ్వరం రాగానే ఎవరూ అర కిలో పిసికి తాగవద్దు, డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

కోలుకోగానే ఆ ఊరు మీద మనసు విరిగింది. కొత్త సుల్తాన్ ఉండమన్నా ఉండలేదు. నలత పూర్తిగా పోకుండానే ఓడ ఎక్కి కొల్లం వచ్చి మూడు నెలలు ఉన్నారు. ఆ తర్వాత బెంగాల్, సుమత్రా, చైనా ప్రయాణాలు.

1348లో మళ్ళీ డమాస్కస్. ఇరవై ఏళ్ళ కిందట గర్భవతిగా ఉన్న భార్యను అక్కడ వదిలిపోయినారు. కొడుకు పుట్టినాడని హిందూస్తాన్‌లో ఉండగా తెలిసి, పిల్లవాడి తాతకు 40 బంగారు దీనార్లు పంపినారు. ఇప్పుడు వాడిని చూడాలని ఆత్రం. మసీదులో అడుగు పెట్టగా ఎదురైనది ఆ నూరుద్దీన్ సఖావీ గారే. ఉస్తాద్ గుర్తుపట్టలేదు, ఈయనే ఎవరో చెప్పుకోవలసి వచ్చింది. కొడుకు సంగతి అడిగితే, చనిపోయి 12 ఏళ్ళయిందన్నారు. టాంజియర్ నుంచి వచ్చిన ఒక ఆలిమ్ అదే ఊరిలో ఉన్నారని కూడా చెప్పినారు. ఆయన దగ్గరికి పోతే తండ్రి పోయి 15 ఏళ్ళయిందని, తల్లి బ్రతికే ఉన్నదని తెలిసింది.

అదే ఏడు ప్లేగు వచ్చింది. డమాస్కస్‌లో ఒక్క రోజులో 2,400 మంది వరకు చనిపోయినారని వ్రాసినారు. ముస్లింలు ఖుర్‌ఆన్‌తో, యూదులు తౌరాత్‌తో, క్రైస్తవులు ఇంజీల్‌తో, అందరూ కలిసి చెప్పులు లేకుండా నడిచి దుఆ చేసినారు. ఈయనను అల్లాహ్ కాపాడినాడు. 1349లో మొరాకో చేరబోతుండగా, తల్లి అదే ప్లేగులో పోయిందన్న కబురు దారిలో అందింది. టాంజియర్ వెళ్ళి ఆమె ఖబరు జియారత్ చేసుకున్నారు. అక్కడి నుంచి సబ్తా పట్టణం పోయి మూడు నెలలు మళ్ళీ జబ్బు పడినారు. తర్వాత 1355లో ఫెజ్ నగరంలో తన సఫర్‌నామా చెప్పి వ్రాయించడం పూర్తి చేసి, ఒక ఊరి ఖాజీగా ఉంటూ 1368 ప్రాంతంలో ఇంతెఖాల్ చేసినారు.