గూపీ, బాఘాల తాతయ్య

చిన్నతనంలో ఇంటిల్లిపాదీ కలిసి చూసిన సినిమా ఏదో ఒకటి మీకు గుర్తుండే ఉంటుంది. పెద్దయ్యాక దాన్నే మళ్లీ చూస్తే, అప్పుడు కడుపుబ్బ నవ్విన చోట ఇప్పుడు మనసు కాసేపు ఆగుతుంది. బెంగాలీ కుటుంబాలు అలా మళ్లీ మళ్లీ చూసే సినిమా ‘గూపీ గాయిన్ బాఘా బాయిన్’. పాడే గూపీ, వాయించే బాఘా అని ఆ పేరుకు అర్థం. 1969లో విడుదలైన ఈ చిత్రానికి దర్శకుడు సత్యజిత్ రాయ్. ఆయన్నే మనం సత్యజిత్ రే అని కూడా అంటాం. కథ మాత్రం ఆయనది కాదు. ఆయన పుట్టకముందే చనిపోయిన తాత, ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురి, పిల్లల కోసం రాసినది. ఈ పాఠంలో ఆ తాత జీవితాన్ని తెలుసుకుందాం.

ముందు కథ సంగతి చూద్దాం. గూపీకి పాటంటే ప్రాణం, గొంతు మాత్రం కర్ణకఠోరం. బాఘా డోలు వాయింపూ అలాంటిదే. ఇద్దర్నీ వాళ్ల వాళ్ల ఊళ్ల నుంచి వెళ్లగొడతారు. అడవిలో ఇద్దరూ కలుసుకుంటారు. మనుషులు మెచ్చని ఆ సంగీతాన్ని దయ్యాలు మెచ్చుకుంటాయి. సినిమాలో దయ్యాల రాజు మూడు వరాలిస్తాడు: కోరిన తిండీ బట్టలూ దొరకడం, కోరిన చోటికి క్షణంలో వెళ్లగలగడం, పాటతో వినేవాళ్లను కదలకుండా కట్టిపడేయడం. శుండీ, హల్లా అనే రెండు రాజ్యాల మధ్య జరగబోయే యుద్ధాన్ని ఆ వరాలతోనే ఆపుతారు.

చప్పట్లు కొట్టగానే విందుభోజనం ప్రత్యక్షమయ్యే దృశ్యం పిల్లలకు ప్రాణం. పెద్దవాళ్ల కళ్లకు మరొకటి ఆనుతుంది. యుద్ధానికి బయలుదేరమన్న హల్లా సైనికులకు కడుపునిండా తిండి లేదు, వాళ్ల మంత్రికి మాత్రం విందులకు లోటు లేదు. ఆకాశం నుంచి మిఠాయి కుండలు దిగివస్తే సైనికులు యుద్ధం మాట మరిచిపోయి వాటి కోసం పరుగులు తీస్తారు. చిన్నప్పుడు అది కేరింతలు కొట్టించే దృశ్యమే. పెద్దయ్యాక చూస్తే ఆ పరుగులో ఆకలి కనిపిస్తుంది.

ఇక ఉపేంద్రకిశోర్ విషయానికి వద్దాం. ఆయన 1863లో తూర్పు బెంగాల్‌లోని మయమన్‌సింగ్ జిల్లా మసూవా గ్రామంలో పుట్టారు. అది ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. తల్లిదండ్రులు పెట్టిన పేరు కామదారంజన్. సుమారు అయిదేళ్ల వయసులో బంధువైన ఒక జమీందారు దత్తత తీసుకుని ఉపేంద్రకిశోర్ అని పేరు మార్చాడు. చదువు కోసం కలకత్తా వెళ్లి 1884లో బి.ఎ. పూర్తిచేశారు. అక్కడే బ్రహ్మసమాజంలో చేరారు. ఆయన అన్న శారదారంజన్ మాత్రం పాత సంప్రదాయాన్ని వదల్లేదు. సంస్కృతమూ గణితమూ బాగా తెలిసిన ఆ అన్నగారు బెంగాల్‌లో క్రికెట్ ఆటను వ్యాప్తిచేసినవారిలో ముఖ్యుడు. ఒక్క ఇంట్లో ఎన్ని దారులో చూడండి.

ఉపేంద్రకిశోర్ వివాహం సంఘసంస్కర్త ద్వారకానాథ్ గంగూలీ కుమార్తె విధుముఖితో జరిగింది. ద్వారకానాథ్ రెండో భార్య కాదంబినీ గంగూలీ మన దేశంలో వైద్యం చదివిన తొలి మహిళల్లో ఒకరు. పాటలూ, పుస్తకాలూ, చర్చలూ నిండిన ఇల్లు అది. ఉపేంద్రకిశోర్ వయొలిన్ చక్కగా వాయించేవారు, పాటలు కట్టేవారు. రవీంద్రనాథ్ ఠాగూర్ ఆయనకు స్నేహితుడు. గురువు లేకుండా హార్మోనియం నేర్చుకోవాలనుకునేవారికి ఆయన ఒక పుస్తకం రాశారు. ఇంట్లో కూర్చుని ఈ పాఠాలు చదువుకుంటున్న మీకు ఈ సంగతి నచ్చుతుందనుకుంటాను. చెవులు చిల్లులు పడేలా పాడే గూపీని సృష్టించినవాడికి సంగీతం ఇంత బాగా తెలుసు. సంగీతం రానివాళ్లను వెక్కిరించడానికి ఆయన ఆ కథ రాయలేదని చదివితే తెలిసిపోతుంది. ఆయన జాలి అంతా తరిమేసినవాళ్ల మీద కాక, తరిమించుకున్నవాళ్ల మీదే ఉంది.

పిల్లల కోసం ఆయన రామాయణ, మహాభారతాలను తేలిక మాటల్లో రాశారు, బొమ్మలూ తానే వేశారు. అసలు కష్టం అక్కడే మొదలైంది. ఆ రోజుల్లో బొమ్మ అచ్చు కావాలంటే చేతిపనివారు దాన్ని చెక్క దిమ్మ మీద చెక్కాలి. పిల్లల రామాయణానికి వేసిన బొమ్మలు చెక్కడంలో పాడైపోయి, పుస్తకం చేతికి వచ్చేసరికి ఆయనకు బాధ కలిగింది. మరొకరైతే అచ్చాఫీసువాళ్లను నాలుగు తిట్టి ఊరుకునేవారు. ఈయన ఇంగ్లండు నుంచి కెమెరా, పరికరాలు, పుస్తకాలు తెప్పించుకుని 1895లో సొంతంగా బ్లాకులు తయారుచేసే సంస్థ పెట్టారు. నేర్పడానికి గురువెవరూ లేరు. పుస్తకాలు చదువుతూ, చేసి చూస్తూ, తప్పులు దిద్దుకుంటూ నేర్చుకున్నారు.

ఆయన నేర్చిన విద్య పేరు హాఫ్‌టోన్. ఇదేమిటో అర్థం కావాలంటే ఒక చిన్న పని చేయండి. వార్తాపత్రికలోని ఫొటోను భూతద్దంతో చూడండి. బూడిదరంగు అనుకున్నచోట నిజానికి చిన్నచిన్న నల్ల చుక్కలు ఉంటాయి. అచ్చుయంత్రానికి తెలిసింది రెండే: సిరా అంటించడం, అంటించకపోవడం. నలుపుకూ తెలుపుకూ మధ్య ఛాయలు దానికి రావు. అందుకని ఫొటో తీసేటప్పుడు కెమెరాలోని ప్లేటు ముందు సన్నని గీతల గాజు తెరను పెడతారు. బొమ్మ చుక్కలుగా విడిపోతుంది. చుక్క పెద్దదైతే ముదురుగా, చిన్నదైతే లేతగా కంటికి తోస్తుంది. ఆ బొమ్మను లోహపు పలక మీదికి దింపి ఆమ్లంతో తినిపిస్తే బ్లాకు తయారవుతుంది. గాజు తెర ప్లేటుకు ఎంత దూరంలో ఉండాలి, కెమెరా రంధ్రం ఎంత ఉండాలి, దాని ఆకారం ఎలా ఉండాలి అన్నది అప్పట్లో చాలామందికి అనుభవం మీద వేసే అంచనా. ఉపేంద్రకిశోర్ దాన్ని లెక్కకట్టి తేల్చారు. లండన్‌లో వెలువడే పెన్రోజ్ వార్షిక సంచికలో 1897 నుంచి ఆయన వ్యాసాలు వచ్చాయి. అచ్చు విద్యలో ముందున్న దేశాలవాళ్లు కలకత్తాలో ఒక ఇంట్లో పనిచేసే మనిషి వ్యాసాలు చదివారు. ఆయన ఎన్నడూ ఇంగ్లండు వెళ్లలేదు. కొడుకు సుకుమార్‌ను మాత్రం 1911లో ఆ విద్య కోసం అక్కడికి పంపారు.

1910లో ‘టుంటునీర్ బోయి’ వచ్చింది. ఆకులు కుట్టి గూడు కట్టుకునే ఒక చిన్న పిట్ట, తెలివితక్కువ పులి, జిత్తులమారి నక్క ఇందులో పాత్రలు. తూర్పు బెంగాల్ పల్లెల్లో పిల్లలు అన్నం తినకుండానే నిద్రపోకుండా ఉండేందుకు సాయంత్రాలు ఆడవాళ్లు చెప్పే కథలివి. 1913లో పిల్లల మాసపత్రిక ‘సందేశ్’ ప్రారంభించారు. బెంగాలీలో ఆ మాటకు వార్త అనీ, ఒక రకం మిఠాయి అనీ రెండర్థాలు. అందులో కథలతోపాటు విజ్ఞాన విషయాలు, పొడుపుకథలు ఉండేవి. గూపీ, బాఘాల కథ ఆ పత్రికలోనే వచ్చింది. కలకత్తాలో గార్పార్ రోడ్డు మీద ఇల్లూ అచ్చాఫీసూ ఒకచోటే ఉండేలా కొత్త భవనం కట్టుకున్నారు. అందులో ఎంతోకాలం ఉండే యోగం లేకపోయింది. మధుమేహంతో 1915 డిసెంబరు 20న, 52 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆ జబ్బుకు మందైన ఇన్సులిన్‌ను 1921లో కనుక్కున్నారు. మనవడు సత్యజిత్ పుట్టిందీ ఆ ఏడాదే.

తరవాతి కథ త్వరత్వరగా చెప్పుకోవలసిందే. పత్రికను కొనసాగించిన సుకుమార్, తానూ గొప్ప హాస్యకవి, 1923లో కాలా అజార్ జ్వరంతో పోయారు. అప్పటికి సత్యజిత్ వయసు రెండేళ్లు. కొద్ది సంవత్సరాలకే సంస్థ మూతపడింది, ఇల్లూ చేయిజారింది. తల్లి ఆ పిల్లవాణ్ణి తీసుకుని తమ్ముడి ఇంటికి చేరింది. గార్పార్ ఇంటి గురించి సత్యజిత్‌కు మిగిలినవి కొన్ని జ్ఞాపకాలే: అచ్చాఫీసు వాసన, పెద్ద కెమెరా, తాను గీసిన పిచ్చిగీతల కాగితాన్ని సందేశ్‌లో వేయమని పనివాళ్ల చేతికివ్వడం.

ఆ పిల్లవాడే 1961లో ఒక మిత్రుడితో కలిసి సందేశ్‌ను తిరిగి బతికించాడు. అప్పటికే ఆయన ప్రపంచ ప్రఖ్యాత దర్శకుడు. తన కొడుకు సందీప్ పిల్లలు చూసే సినిమా తీయమని అడగడంతో తాత కథను ఎంచుకున్నాడు. కథను రెండు గంటలకు పెంచాడు, పాటలు తానే రాశాడు, సంగీతం తానే కూర్చాడు, దుస్తులూ తానే రూపొందించాడు. దయ్యాల రాజు గొంతు కూడా ఆయనదే. దయ్యాల నృత్యం వచ్చినప్పుడు తెలుగువాళ్లు చెవి ఒగ్గి వినాలి. అందులో మోగేవి మన కచేరీల్లోని మృదంగం, ఘటం, కంజీర, మోర్సింగ్. నాలుగు రకాల దయ్యాలకు నాలుగు వాద్యాలు. ఈ సినిమా బెంగాల్‌లో ఏడాది పాటు ఆడింది, జాతీయ ఉత్తమ చిత్రంగా రాష్ట్రపతి స్వర్ణపతకం పొందింది.

డబ్బు చాలక దీన్ని రంగుల్లో తీయలేకపోయారు. ముగింపులో కొద్దిసేపు తప్ప సినిమా అంతా నలుపు తెలుపుల్లోనే, ఆ రెంటి మధ్య ఛాయల్లోనే సాగుతుంది. దొరికితే ఇంట్లో పిల్లలతో కలిసి చూడండి. మొదట్లో పేర్లు పడేటప్పుడు కథారచయిత పేరు ఉపేంద్రకిశోర్ అని వస్తుంది. అది ఎవరి పేరో పిల్లలు అడిగితే చెప్పడానికి మీకిప్పుడు తెలుసు.