ఫ్లైట్ లెఫ్టినెంట్ మతీవుర్ రహమాన్

మతీవుర్ రహమాన్‌గారు 1941లో ఢాకాలో పుట్టారు. సర్గోధాలో చదివి, 1963లో పాకిస్తాన్ వైమానిక దళంలో ఆఫీసరు అయినారు. తర్వాత కుర్ర పైలట్లకు విమానం నడపడం నేర్పే ఉస్తాదు.

1971 మార్చిలో తూర్పు బెంగాల్‌లో సైన్యం జనం మీద విరుచుకు పడినప్పుడు ఆయన సెలవు మీద అక్కడే ఉన్నారు. భైరబ్ దగ్గర యువకులను పోగుచేసి పోరాటానికి తర్ఫీదు ఇచ్చారు. మే నెలలో భార్యాబిడ్డలతో కరాచీ తిరిగి వచ్చేశారు. బెంగాలీ గనుక ఇక విమానం నడపనివ్వలేదు, నేలమీద ఉద్యోగమే.

ఆగస్టు 20న మస్రూర్ స్థావరంలో శిక్షణకు బయల్దేరిన టి-33 విమానాన్ని ఆపించి, వెనుక సీట్లోకి ఎక్కి హిందూస్తాన్ వైపు మళ్ళించారు. తన జనం తరఫున పోరాడాలని ఆయన తపన. ముందు సీట్లో ఉన్నది రషీద్ మిన్హాస్, ఇరవై ఏళ్ళవాడు. పెనుగులాటలో విమానం సరిహద్దుకు ఇవతలే, ఠట్టా జిల్లాలో కూలింది. ఇద్దరూ పోయారు.

మిన్హాస్‌కు పాకిస్తాన్ నిషానె హైదర్ ఇచ్చింది, రహమాన్‌గారికి బంగ్లాదేశ్ బీర్ శ్రేష్ఠొ. రెండూ ఆయా దేశాల్లో అన్నిటికన్నా పెద్ద శౌర్య పురస్కారాలే! పిల్లలకు చదువు చెప్పుకునే మాకు మాత్రం ముందు ఆ కుర్రవాడే కళ్ళల్లో మెదులుతాడు.

రహమాన్‌గారిని మస్రూర్‌లోనే దఫన్ చేశారు. ముప్ఫై అయిదేళ్ళకు, 2006 జూన్‌లో, ఆయన అవశేషాలు ఢాకా చేరి మీర్‌పూర్ మట్టిలో కలిశాయి.