ఆదాయవ్యయముల నడుమ ఒక మహనీయుడు

ఉగాదినాడు పంచాంగము విప్పగానే మనమందరము మొదట చూచునది మన రాశికి ఆదాయమెంత, వ్యయమెంత అనియే. ఆదాయము హెచ్చుగానున్నచో మనసు పొంగును. కాని వచ్చిన ఆదాయము ఏ మార్గమున వచ్చినది, ఎవరికి చేరవలెను అను ప్రశ్నకు పంచాంగమున జవాబుండదు. ఆ జవాబును తన నడవడిచేత చూపిన మన సీమ పెద్ద ఒకరిని ఈ పర్వదినమున స్మరించుట ఉచితమని తలచితిమి. వారే సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు.

చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో ఇంట తెలుగు, బడిలో కన్నడము పలుకుచు పెరిగినవారు మనలో ఎందరో. విశ్వేశ్వరయ్యగారిదియు అట్టి ఇల్లే. వారి పూర్వులు గిద్దలూరు ప్రాంతపు మోక్షగుండమునుండి వలస వచ్చినవారు. 1861 సెప్టెంబరు 15న చిక్కబళ్లాపురము చెంతనున్న ముద్దేనహళ్లిలో శ్రీనివాసశాస్త్రి, వెంకటలక్ష్మమ్మ దంపతులకు వారు జన్మించిరి. బాల్యముననే తండ్రి గతించెను. బెంగుళూరులో పిల్లలకు పాఠములు చెప్పుకొనుచు 1881లో పట్టభద్రులై, పూనాలో ఇంజనీరింగు ముగించి, 1884లో బొంబాయి ప్రభుత్వ కొలువున చేరిరి.

అచ్చట దక్కను కాలువల క్రింద నీరంతయు కొందరి చెరకుతోటలకే పారుచుండెను. వారు 1899లో బ్లాకు పద్ధతిని ప్రవేశపెట్టి, ఒక్కొక్క బ్లాకులో చెరకు వంటి పైరుకు హద్దు విధించి, మిగిలిన నీటిని ఎక్కువ గ్రామములకు అందునట్లు చేసిరి. ఒకరి లాభమునకు హద్దు గీచినగాని పదిమందికి గంజి దొరకదని వారు గ్రహించిరి. 1908లో మూసీ పొంగి హైదరాబాదు మునిగిన పిదప, ఆ నగరరక్షణకు పథకము రచించినదియు వారే.

1912లో మైసూరు దివానులైరి. ఆ పదవిని స్వీకరించుటకు ముందే బంధువులను పిలిచి, తమ ద్వారా ఏ మేలును కోరరాదని మాట తీసికొనిరని చెప్పుదురు. 1913లో మైసూరు బ్యాంకు, 1916లో విశ్వవిద్యాలయము, వాణిజ్యమండలి, గంధపునూనె కర్మాగారము వెలసెను. ఉద్యోగములలో వెనుకబడిన కులములకు స్థానములు ప్రత్యేకించు విషయమున మహారాజావారితో భేదించి 1918 చివర పదవి వదలిరి. ఆ విషయమున వారి పక్షము న్యాయమని మేము అనజాలము. మహనీయులకును హద్దులుండును.

వారి అసలు పరీక్ష భద్రావతిలో జరిగెను. ప్రజాధనముతో కట్టిన ఇనుప కర్మాగారము 1923లో పని ప్రారంభించునప్పటికి యుద్ధకాలపు ధరలు పడిపోయెను. నష్టము పేరుకొనెను. మూసివేయుడని పలువురు అనిరి. విశ్వేశ్వరయ్యగారు పాలకమండలి అధ్యక్షులై వ్యయమును తగ్గించి, విదేశీ నిపుణుల స్థానమున మన యువకులను తీర్చిదిద్ది, 1929 నాటికి దానిని నిలబెట్టిరి. ఈ సేవకుగాను తమకు రావలసిన లక్ష రూపాయలకు పైబడిన సొమ్మును వారు తీసికొనలేదు. బాలురకు చేతిపని నేర్పు విద్యాలయము స్థాపింపుడనిరి. దానికి తమ పేరు పెట్టవలదనగా, 1943లో జయచామరాజేంద్రుల పేర అది బెంగుళూరులో వెలసెను.

వారు లాభమును ద్వేషింపలేదు. నష్టపడు కర్మాగారము ఎవరికిని అన్నము పెట్టలేదని వారెరుగుదురు. 1934లో వెలువరించిన గ్రంథమున దేశమునకు ప్రణాళిక వలెనని వాదించిరి. 1941లో ఉత్పత్తిదారుల సంఘమును స్థాపించిరి. 1955లో భారతరత్న పొంది, నూరేండ్లు నిండిన పిదప 1962 ఏప్రిల్‌లో కన్నుమూసిరి. వారి సమాధి ముద్దేనహళ్లిలోనే కలదు.

మన చింతామణి తాలూకా కైవారము తాతయ్యగారు గాజులమ్మి లాభమడుగనేరని వర్తకుడని పెద్దలు చెప్పుదురు. ఆయన లాభమును విడిచిరి; విశ్వేశ్వరయ్యగారు లాభమునకు లెక్క చెప్పిరి. ఇద్దరును ఒకే సీమ బిడ్డలు. 2013 కంపెనీల చట్టము, నికరలాభము 5 కోట్లు దాటిన సంస్థ మూడేండ్ల సగటు లాభమున నూటికి రెండు వంతులు సంఘహితమునకు వెచ్చింపవలెనని విధించినది. చట్టము శాతమును చెప్పగలదు, మనసును ఇయ్యలేదు. లాభము గడించిన విధము న్యాయమైనదా, పనివానికి కూలి, కొనువానికి నాణ్యము దక్కినవా అనునది ఆ రెండు వంతులకు ముందే తేలవలెను.

పరస్థలములలో అంగడులు, కార్ఖానాలు, కొలువులు నడుపుకొనుచున్న మనవారికి ఇది దూరపు మాట కాదు. ఈ యేడు మన ఆదాయము పెరుగుగాక. దానిలో ఇతరుల పాలు ఎంతో లెక్కవేయు బుద్ధియు పెరుగుగాక.